ఎమ్మెల్యే సీటు ఖాళీ అయితే ఓటేసేది ఎవరు? – పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పెన్షన్ల మీద మూడు, కరెంటు బిల్లు మీద అయిదారు ఉన్నాయి, అవన్నీ వచ్చే నెలకి తోసేశా. కావలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన ప్రశ్న చూశాక మిగతావి చదవబుద్ధి కాలేదు. దాని చుట్టూ తిరిగే ఉత్తరాలే ఇంకో మూడు ఏరుకుని ఇక్కడ పెడుతున్నా.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు, ఈమధ్యే సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. అక్కడ అసెంబ్లీ మెంబర్ ఎవరైనా మధ్యలో రాజీనామా చేస్తే ఉపఎన్నిక పెట్టరట, ఆ పార్టీ కమిటీ వాళ్ళే ఒక సాయంత్రం హాల్లో కూర్చుని ఇంకొకర్ని ఎన్నుకుంటారట. నేను నమ్మలేదు, వాడేదో సగం విని చెప్తున్నాడనుకున్నా. ప్రజాస్వామ్యానికి పెద్దన్న అనుకునే దేశంలో ఇలా ఉంటుందా? (ఒక రిటైర్డ్ టీచర్, కావలి)

జవాబు: మీవాడు సరిగ్గానే విన్నాడు మాస్టారూ. పైగా ఇది ఏదో లోపాయికారీగా జరిగేది కూడా కాదు, ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉంది. 1988లో సవరణ చేసి పెట్టుకున్నారు. సీటు ఖాళీ అయిన 35 రోజుల్లోపు, ఆ పోయిన మెంబర్ ఏ పార్టీ తరఫున నిలబడి గెలిచాడో ఆ పార్టీ కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిటీ మెంబర్లు, అందులోనూ ఆ నియోజకవర్గంలో ఉన్న ఊళ్ళ వాళ్ళు మాత్రమే, కూర్చుని కొత్త మనిషిని ఎన్నుకోవాలి. అవతలి పార్టీకి ఓటేసిన వాళ్ళకి ఇందులో పాత్ర లేదు, అసలు మామూలు ఓటరుకే లేదు.

మీది నెల్లూరు జిల్లానే కాబట్టి మీకు బాగా దగ్గరైన ఉదాహరణ చెప్తా. నెల్లూరులో పుట్టిన చివుకుల ఉపేంద్ర గారు గుర్తున్నారా, ఇంజనీరుగా అమెరికా వెళ్ళి, ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ అనే ఊళ్ళో కౌన్సిల్ మెంబర్ అయ్యి, మేయర్ అయ్యి, 2001లో న్యూజెర్సీ అసెంబ్లీకి గెలిచారు, ఆ సభలో కూర్చున్న మొదటి భారత సంతతి మనిషి ఆయనే. 12 ఏళ్ళు పైన చేశారు, డిప్యూటీ స్పీకర్ కూడా. 2014లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఆయన్ని ఆ రాష్ట్ర కరెంటు, గ్యాస్, నీళ్ళ రేట్లు చూసే బోర్డుకి కమిషనర్‌గా పంపడంతో సెప్టెంబర్ చివర్లో అసెంబ్లీ సీటు వదిలేశారు. సరే, సీటు ఖాళీ. అక్టోబర్ 16 కల్లా జో డానియెల్సెన్ అనే ఆయన ప్రమాణం చేసి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మూడు వారాలు కూడా పట్టలేదు, మధ్యలో డెమోక్రటిక్ పార్టీ కమిటీ వాళ్ళు ఒకసారి కూడారు అంతే!

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రాజ్యాంగం ఏమంటుందంటే, ఈ పార్టీ ఎంపిక తాత్కాలికమే, తర్వాత వచ్చే నవంబర్ ఎన్నికలో మిగిలిన కాలానికి ఓటింగ్ పెట్టాలి, కానీ ఆ ఎన్నికకి కనీసం 51 రోజుల ముందు సీటు ఖాళీ అయ్యుండాలి. ఇంకోటి, టర్మ్ ముగిసే ముందు వచ్చే ఎన్నికలో మిగిలిన కాలానికి విడిగా ఓటింగ్ ఉండదు. ఇప్పుడు లెక్క వేయండి. 2014 నవంబర్ 4 ఎన్నిక, సీటు ఖాళీ అయింది సెప్టెంబర్ చివర, అంటే 51 రోజుల్లేవు. మరుసటి ఏడాది నవంబర్ ఎన్నికేమో టర్మ్ ముగిసే ముందుది. ఈ రెండు గళ్ళ మధ్యలోంచి జారి, కొత్త మెంబర్ ఏడాదికి పైన ఒక్క ఓటరు ముందు కూడా నిలబడకుండా చట్టాలు చేశాడు. 2015లో మామూలు ఎన్నికలో నిలబడి గెలిచాడు అనుకోండి, అప్పటికే పేరు ముందు అసెంబ్లీమన్ అని ఉంది కదా మరి. ఎప్పుడు రాజీనామా చేయాలి అనే తేదీలోనే సగం రాజకీయం ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. చివుకుల గారు అలా లెక్క వేసుకుని చేశారని మాత్రం నేను అనట్లేదు, పదవి వచ్చింది వెళ్ళారు.

మరి ఆ హాల్లో ఏం చూసి ఎన్నుకుంటారు అంటారేమో. ఎక్కువగా ఊరు. చివుకుల గారి 17వ జిల్లాలో (అక్కడ నియోజకవర్గాన్నే జిల్లా అంటారు) అప్పట్లో ఫ్రాంక్లిన్, పిస్కాటవే, న్యూ బ్రన్స్‌విక్, నార్త్ బ్రన్స్‌విక్, మిల్‌టౌన్ ఉండేవి. ఒక్కో జిల్లాకి ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ మెంబర్లు. సెనేటర్ బాబ్ స్మిత్‌ది పిస్కాటవే, ఒక అసెంబ్లీ మెంబర్ జోసెఫ్ ఈగన్‌ది న్యూ బ్రన్స్‌విక్, రెండోది చివుకుల గారిది ఫ్రాంక్లిన్. ఆయన పోతే వచ్చిందెవరు, మళ్ళీ ఫ్రాంక్లిన్ మనిషే. మన దగ్గర కులం, మండలం లెక్కలు వేసినట్టు వాళ్ళు టౌన్‌షిప్ లెక్క వేసుకుంటారు. మీవాడు ఎడిసన్ పక్కన ఉంటే ఇంకోటి కూడా చెప్పమనండి, 2020 చివర్లో ఆ 18వ జిల్లా అసెంబ్లీ మెంబర్ నాన్సీ పింకిన్ కౌంటీ క్లర్క్‌గా గెలిచి వెళ్ళిపోతే, 2021 జనవరిలో కోల్‌కతాలో పుట్టిన స్టెర్లీ స్టాన్లీని పార్టీ పెట్టింది. ఆవిడదీ ఈస్ట్ బ్రన్స్‌విక్, ఈయనదీ ఈస్ట్ బ్రన్స్‌విక్ కౌన్సిలే. చూశారా.

2025 జనవరిలో ఇంకో జిల్లాలో హెర్బ్ కానవే అనే అసెంబ్లీ మెంబర్ అమెరికా కాంగ్రెస్‌కి వెళ్ళాడు, ఎందుకంటే అక్కడి సీటు ఆండీ కిమ్ సెనేట్‌కి వెళ్తూ ఖాళీ చేశాడు. కానవే సీట్లోకి పార్టీ బల్వీర్ సింగ్‌ని పంపింది. వృత్తిరీత్యా లెక్కల మాస్టారు, మీకు నచ్చుతుంది.

నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చిన లైను ఒకటుంది. రాజ్యాంగంలో సీటు "పోయిన మెంబర్ ఇప్పుడు ఉన్న పార్టీ"ది అనలేదు, "ఏ పార్టీ అభ్యర్థిగా గెలిచాడో ఆ పార్టీ"ది అన్నారు. అంటే మధ్యలో కండువా మార్చినా, సీటు ఖాళీ అయిందంటే ఎంపిక పాత పార్టీకే వస్తుంది. ఈ ఒక్క వాక్యం మన హైదరాబాద్‌లో ఎవరికైనా ఫ్రేమ్ కట్టించి పంపాలనిపిస్తుంది నాకు.

ప్రశ్న: ఇదంతా వింటే మనదే నయం అనిపిస్తోంది సార్. మన దగ్గర ఎమ్మెల్యే చనిపోతే ఆరు నెలల్లో ఉపఎన్నిక, జనం ఓటేస్తారు, అంతే కదా? (డిగ్రీ స్టూడెంట్, సికింద్రాబాద్)

జవాబు: రూలు కరెక్టేనమ్మా, ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఎ సెక్షన్, ఖాళీ అయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ఉపఎన్నిక పెట్టాలి. కానీ మిగిలిన కాలం ఏడాది కంటే తక్కువైతే అక్కర్లేదు. ఈ మినహాయింపు ఎలా పనిచేస్తుందో మీ ఊళ్ళోనే చూశారుగా. కంటోన్మెంట్ ఎమ్మెల్యే సాయన్న గారు 2023 ఫిబ్రవరిలో పోయారు, అసెంబ్లీ గడువు 2024 జనవరి దాకా, ఏడాది లేదు, ఉపఎన్నిక లేదు. అంటే మీకు నెలల తరబడి ఎమ్మెల్యేనే లేడు. న్యూజెర్సీలో అయితే ఓటరుని అడగకుండా ఎవరో ఒకర్ని కూర్చోబెట్టేవాళ్ళు, మన దగ్గర ఎవర్నీ కూర్చోబెట్టలేదు. ఏది అన్యాయం అంటే నేను కాసేపు ఆలోచిస్తా.

తర్వాత కథ మీకు తెలిసిందే, 2023 ఎన్నికల్లో బీఆర్‌ఎస్ ఆయన కూతురు లాస్య నందిత గారికి టికెట్ ఇచ్చింది, ఆవిడ గెలిచారు, 2024 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో ఆవిడా పోయారు, పాపం. అప్పుడు ఉపఎన్నికకి పార్టీ ఆవిడ అక్కచెల్లెళ్ళలోనే నివేదిత గారిని నిలబెట్టింది. మే 13న పోలింగ్, కాంగ్రెస్ నుంచి శ్రీగణేష్ గెలిచారు. ఇప్పుడు నా ప్రశ్న, ఆ టికెట్లు ఎవరు ఇచ్చారు? కంటోన్మెంట్‌లో పార్టీ కార్యకర్తలు ఓటేసి ఇచ్చారా? లేదు కదా. మన దగ్గర బీ ఫారం అని ఒకటుంటుంది, దాని మీద పార్టీ తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరికుందో "ఏ ఫారం" (Form A) అనే ఇంకో కాగితంలో ముందే ఎన్నికల అధికారికి చెప్తారు, ఆ సంతకం ఉన్నవాడికే పార్టీ గుర్తు. ఒక్క సంతకం అమ్మా! మండల అధ్యక్షుడు 20 ఏళ్ళు జెండా మోసినా ఆ సంతకం లేకపోతే వాడు ఇండిపెండెంటే.

నేను ఆంధ్రా వైపు కూడా చెప్తా, లేకపోతే పక్షపాతం అంటారు. 2021లో బద్వేలు ఎమ్మెల్యే డాక్టర్ వెంకటసుబ్బయ్య గారు చనిపోతే వైఎస్సార్‌సీపీ ఆయన భార్య దాసరి సుధ గారిని పెట్టింది. టీడీపీ, జనసేన, చనిపోయిన మనిషి ఇంట్లోవాళ్ళు నిలబడ్డారు కాబట్టి మేం పోటీ పెట్టం అన్నాయి. మెజారిటీ 90 వేలు దాటింది. మరుసటి ఏడాది ఆత్మకూరులో మంత్రి గౌతమ్ రెడ్డి గారు హఠాత్తుగా పోతే ఆయన తమ్ముడు విక్రమ్ రెడ్డి గారు, మెజారిటీ 82,888. ఈ రెండు చోట్లా ఈవీఎంలు పెట్టారు, సిబ్బందిని పెట్టారు, సిరా పూశారు, అన్నీ పద్ధతిగా జరిగాయి, కానీ సీటు ఎవరిదో ఎప్పుడు తేలిందో మీరే చెప్పండి. నాకైతే పోలింగ్ రోజు కాదనే అనిపిస్తుంది.

అలాగని ఓటింగ్ వేస్ట్ అని నేను అనను, ఎందుకంటే జూబ్లీహిల్స్ ఉంది. 2025 జూన్‌లో మాగంటి గోపీనాథ్ గారు పోయారు, బీఆర్‌ఎస్ ఆయన భార్య సునీత గారికి టికెట్ ఇచ్చింది, సానుభూతి అన్నారు, నవంబర్ 11న పోలింగ్ జరిగితే కాంగ్రెస్ నవీన్ యాదవ్ 24 వేల పైన మెజారిటీతో గెలిచారు. పార్టీ ఇంట్లోంచే తెచ్చి పెట్టినా జనం వేరేగా చెప్పారు. ఈ వేరేగా చెప్పే ఛాన్స్ న్యూజెర్సీ ఓటరుకి వెంటనే ఉండదు, అక్కడ మనం గెలిచాం. కానీ జూబ్లీహిల్స్‌లో సగం మంది కూడా వచ్చి ఓటేయలేదు, అది కూడా రాసుకోండి.

అంటే నా లెక్క ఏంటంటే, వాళ్ళ దగ్గర అభ్యర్థి ఎంపికా ఎన్నికా రెండూ ఒకే గదిలో అయిపోతాయి, మన దగ్గర మొదటిది గదిలో, రెండోది బయట. కాకపోతే వాళ్ళ గదిలో కూర్చునే వాళ్ళని జనం ఎన్నుకుంటారు, పేర్లు పబ్లిక్. మన గదిలో ఎవరున్నారో టీవీలో "అధిష్ఠానం" అని చెప్తారు.

ప్రశ్న: షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. మా ఇల్లినాయిలో కూడా పార్టీవాళ్ళే నింపుతారు, కానీ ఇక్కడ ఒకే మనిషి చేతిలో ఉంటుందని అంటారు, నిజమా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఒకే మనిషి అని రూల్లో లేదు, కానీ ఒకే మనిషి అయిపోయే వీలు రూల్లోనే ఉంది. మీ దగ్గర 30 రోజుల్లో నింపాలి, ఆ జిల్లాలోకి వచ్చే వార్డులు, టౌన్‌షిప్‌ల పార్టీ కమిటీ మెంబర్లు ఓటేస్తారు, అయితే తలకి ఒక ఓటు కాదు, వాళ్ళ ఏరియాలో పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో అంత బరువు. ఊళ్ళో నీళ్ళ సంఘంలో ఎకరాల లెక్కన ఓటు వేసినట్టు అనుకోండి.

దీనికి 2021 ఫిబ్రవరి కంటే మంచి కథ ఉండదు. మైకేల్ మాడిగన్, 1971 నుంచి సభలో ఉన్నాడు, 1983 నుంచి మధ్యలో రెండేళ్ళు తప్ప స్పీకర్ కుర్చీ ఆయనదే, స్పీకర్ పదవి పోయాక సీటు కూడా వదిలేశాడు. వదిలేసి వెళ్ళాడా అంటే, ఆ సీటు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో వార్డు కమిటీమన్‌గా ఆయనే కూర్చున్నాడు, ఆయన చేతిలో 56 శాతం బరువు. అంటే మిగతావాళ్ళంతా కలిసి కాదన్నా కుదరదు. తన ఆఫీసులో పనిచేసిన 26 ఏళ్ళ కుర్రాడిని పెట్టాడు. రెండు రోజులకి ఆ అబ్బాయి నడవడి మీద ఏవో ఆరోపణలొచ్చాయి, పెట్టినాయనే రాజీనామా చెయ్యమన్నాడు, చేశాడు, మళ్ళీ అదే కమిటీ కూడింది, మళ్ళీ అదే 56 శాతం, ఈసారి ఏంజెలికా గెరేరో-క్వెయార్ అనే ఆవిడ. వారం తిరక్కుండా ఒక సీటుకి ముగ్గురు మెంబర్లు, ఓటరు మాత్రం ఇంట్లో టీవీ చూస్తున్నాడు. మాడిగన్‌కి తర్వాత అవినీతి కేసులో 2025లో ఏడున్నరేళ్ళ జైలు పడింది, అది వేరే కేసు, దీనికి సంబంధం లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయా.

అన్ని చోట్లా ఇలా ఉండదండి. టెక్సస్, జార్జియా, వర్జీనియా లాంటి దాదాపు సగం రాష్ట్రాలు మన లాగే ఎన్నిక పెడతాయి. మేరీలాండ్‌లో పార్టీ సెంట్రల్ కమిటీ పేరు పంపితే గవర్నర్ నియమిస్తాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో పద్ధతి నాకు కొంచెం నచ్చుతుంది, పార్టీ బూత్ స్థాయి ఆఫీసర్లు మూడు పేర్లు ఇవ్వాలి, అందులోంచి ఒకర్ని కౌంటీ కౌన్సిల్ ఎంచుతుంది, అంటే కనీసం రెండు చేతులు పడతాయి. కాకపోతే అక్కడా కుర్చీలాట తప్పదు, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు 48వ జిల్లాలో, సాఫ్ట్‌వేర్ మనవాళ్ళు బాగా ఉండే ఏరియానే, 2017 మొదట్లో సైరస్ హబీబ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయితే ఆయన సెనేట్ సీట్లోకి ప్యాటీ కుడరర్, ఆవిడ హౌస్ సీట్లోకి వందనా స్లాటర్ వచ్చారు. 2025లో కుడరర్ ఇన్సూరెన్స్ కమిషనర్ అయితే సెనేట్ సీట్లోకి మళ్ళీ వందనా స్లాటర్, ఆవిడ సీట్లోకి ఒస్మాన్ సలాహుద్దీన్. రైల్లో ఒకరు దిగితే కిటికీ సీటుకి అందరూ ఒక్కో స్థానం జరుగుతారు చూడండి, అలా.

ప్రశ్న: ఎడిసన్‌లో 11 ఏళ్ళుగా ఉంటున్నా. ఇక్కడ మన తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్నా సీటు ఖాళీ అయిన ప్రతిసారీ "అంతా ముందే ఫిక్స్" అనుకుని ఊరుకుంటాం. నాకు గ్రీన్‌కార్డ్ ఉంది, మా ఆవిడ సిటిజన్. ఆ హాల్లోకి మేం వెళ్ళగలమా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ)

జవాబు: మీరు వెళ్ళలేరు తమ్ముడూ, మీ ఆవిడ వెళ్ళగలరు. ముందు మీ సంగతి చెప్తా, ఇది సరదా విషయం కాదు. గ్రీన్‌కార్డ్ ఉన్నా మీరు ఓటరు కాదు, డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు ఓటరుగా నమోదు చెయ్యమంటారా అని అడిగితే పొరపాటున కూడా అవునని టిక్ పెట్టొద్దు, సిటిజన్‌నని అబద్ధం చెప్పినట్టు అవుతుంది, రేపు మీ సిటిజన్‌షిప్ అప్లికేషన్ దగ్గర్నుంచి దేశంలో ఉండటం దాకా అన్నిటికీ ఎసరు. ఫారం మీద ఏం రాసి ఉందో రెండుసార్లు చదవండి.

ఇక మీ ఆవిడ. ఆ హాల్లో ఓటేసే కౌంటీ కమిటీ మెంబర్లు ఆకాశం నుంచి ఊడిపడరు. మీ వీధి ఏ పోలింగ్ ఏరియాలోకి వస్తుందో చూసుకోండి, దాన్ని అక్కడ ఎలక్షన్ డిస్ట్రిక్ట్ అంటారు, మన బూత్ అనుకోండి. మామూలుగా ఒక్కోదానికి ఇద్దరు కమిటీ మెంబర్లు, జూన్‌లో జరిగే ప్రైమరీ (పార్టీ అభ్యర్థి ఎవరో పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నిక) బ్యాలెట్‌లోనే వాళ్ళ పేర్లుంటాయి, కౌంటీని బట్టి రెండేళ్ళో నాలుగేళ్ళో పదవి. జీతం లేదు, పోస్టరు లేదు, ఎవరూ పట్టించుకోరు, చాలా చోట్ల ఒకే పేరు ఉంటుంది, కొన్ని చోట్ల ఆ గడి ఖాళీగానే ఉంటుంది. నిలబడటానికి కావాల్సిన సంతకాలు చాలా తక్కువ, మీ బతుకమ్మ వాట్సాప్ గ్రూప్‌లో అదే ఎలక్షన్ డిస్ట్రిక్ట్ వాళ్ళు, అదే పార్టీలో నమోదైన ఓటర్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చూడండి, ఒక ఆదివారం పని. ఆవిడ కూడా ముందు పార్టీలో నమోదై ఉండాలి, "ఏ పార్టీ కాదు" అని ఉంటే కుదరదు.

"ముందే ఫిక్స్" అన్న మాట పూర్తిగా తప్పేమీ కాదు. మొన్నమొన్నటి దాకా న్యూజెర్సీలో చాలా కౌంటీల ప్రైమరీ బ్యాలెట్‌లో ఆ కౌంటీ పార్టీ బలపరిచిన వాళ్ళందరూ ఒకే వరసలో వచ్చేవాళ్ళు, దాన్ని "లైన్" అనేవాళ్ళు, మిగతావాళ్ళు ఎక్కడో మూల గడిలో. కమిటీ నియమించిన మనిషికి ఆ లైన్ కూడా దొరికేది, ఇంక ఓడేది ఎప్పుడు. 2024లో ఆండీ కిమ్, ఇందాక చెప్పిన ఆయనే, కోర్టుకి వెళ్తే ఆ మార్చిలో ఫెడరల్ జడ్జి డెమోక్రటిక్ ప్రైమరీకి దాన్ని ఆపేశారు, 2025లో చట్టమే మార్చారు, ఇప్పుడు పదవి వారీగా పేర్లన్నీ ఒకే చోట వస్తాయి. కాబట్టి ఇప్పుడు హాల్లో గెలిచినవాడికి బయట పాత ధీమా లేదు. హాల్లో లెక్క మాత్రం అలాగే ఉంది, ఊరి వాటా, చైర్మన్ మాట, ఫోన్లు. ఒక చిన్న జిల్లాలో ఈ మెంబర్లు కొన్ని వందల మందే, వచ్చేది ఇంకా తక్కువ, అందులో ఓ పదిమంది ఒకే మాట మీద ఉంటే చైర్మన్ ఫోన్ వాళ్ళకే ముందొస్తుంది.

చివుకుల గారు కూడా అసెంబ్లీ నుంచి మొదలుపెట్టలేదు, ఊరి కౌన్సిల్ నుంచే వెళ్ళారు. మీ ఆవిడకి చెప్పండి, ప్రైమరీ కాగితాలు మార్చిలోనే ఇచ్చెయ్యాలి, ఏప్రిల్‌లో గుర్తొస్తే లాభం లేదు, మీ కౌంటీ క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి మీ ఎలక్షన్ డిస్ట్రిక్ట్ నంబరు, ఆ గడిలో ఇప్పుడు ఎవరున్నారు, మళ్ళీ ఎన్నిక ఎప్పుడు అని అడిగితే చెప్తారు. గడి ఖాళీగా ఉందంటే మళ్ళీ నాకు రాయండి.